గీదంలో ఫైకాన్ తగవు

గీదం అంటే మనలో చాలామందికి రైలు కిటికీలోంచి చూసిన పేరే. విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్ళే ప్యాసింజరు అరకు, కోరాపుట్, జగదల్‌పూర్ దాటి, దంతేవాడ రాబోయే ముందు ఆగే స్టేషన్. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవు మీదుగా జపాన్‌కి పంపడానికి 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ లైను ఇది. ఇక్కడ అందరూ ‘కేకే లైను’ అంటారు. దాని వెంట వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో మా మామగారిదీ ఒకటి. రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసి, రిటైరయ్యాక విజయనగరం వైపు సొంతూరికి పోకుండా గీదంలోనే ఇల్లు కట్టుకున్నారు. ఆ మాటకొస్తే మనవాళ్ళు ఈ నేల మీదికి రావడం నిన్నమొన్నటి సంగతి కాదు. దగ్గర్లోని బార్సూర్‌లో పదకొండో శతాబ్దపు తెలుగు శాసనమే దొరికింది.

ఈ సంక్రాంతికి ఆ ఇంట్లో జరిగిన తగవు ఇది. ఒకవైపు మా తోడల్లుడు. అమీర్‌పేటలో కోబాల్, జేసీఎల్ నేర్చుకుని, వైటూకే పుణ్యమా అని విమానమెక్కి, తర్వాత మెయిన్‌ఫ్రేమ్ సిస్టమ్స్ ప్రోగ్రామర్‌గా స్థిరపడ్డ మనిషి. రెండోవైపు మా బావమరిది. హైదరాబాద్‌లో స్టోరేజీ నెట్‌వర్క్ ఇంజినీరు. తగవు దేనిమీదంటే, మెయిన్‌ఫ్రేమ్‌కి కలిపే ఫైబర్ స్విచ్‌ని ఎలా అమర్చాలన్న దాని మీద. అరిసెలు చల్లారిపోయేంతసేపు సాగింది. నాకు అర్థమైనంత, గుర్తున్నంత రాస్తున్నాను. ఇందులో ‘బావ’ అంటే మా తోడల్లుడే.

బావమరిది: బావా, వచ్చే శనివారం రాత్రి చేంజ్ విండో. వాళ్ళకి రాత్రి పదకొండు, మనకి ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నర. నేను ఇప్పటిదాకా చేసినవన్నీ లైనక్స్, విండోస్ సర్వర్ల స్విచ్చులే. మెయిన్‌ఫ్రేమ్‌కి ఇదే మొదలు. ప్లాన్ ఒకసారి చూసిపెట్టండి. క్లయింటు పేరు తీసేశాను.

బావ: మంచి పని చేశావు, పేరు నాకక్కర్లేదు. ఏదీ... రెండు సైట్లు, మధ్యలో 40 కిలోమీటర్లు. సైటుకి రెండేసి చొప్పున నాలుగు డైరెక్టర్లు, అంటే పెద్ద స్విచ్చులు, అవి కలిసి రెండు ఫాబ్రిక్‌లు. ఇంతవరకూ బాగుంది. ఇదేమిట్రా, డొమైన్ ఐడీ దగ్గర ‘ఆటో’ అని రాశావు?

బావమరిది: అంతే కదా. స్విచ్చులు ఒకదాన్నొకటి కలుసుకున్నప్పుడు ప్రిన్సిపల్ స్విచ్ నంబర్లు పంచుతుంది. అడిగింది ఖాళీగా ఉంటే అదే ఇస్తుంది, లేకపోతే ఇంకోటిస్తుంది. సర్వరుకి ఆ నంబరుతో పనేముంది? వచ్చి లాగిన్ అవుతుంది, నేమ్ సర్వర్‌ని అడుగుతుంది, తన డిస్కు ఎక్కడుందో తెలుసుకుంటుంది. ఎవరికి బాధ?

బావ: మెయిన్‌ఫ్రేమ్‌కి. అది ఎవర్నీ అడగదు. డిస్కు ఎక్కడుందో దానికి మనమే ముందుగా రాసివ్వాలి. హెచ్‌సీడీ అనే ప్రోగ్రాములో కూర్చుని రాస్తాం: ఫలానా చానల్, అంటే చిపిడ్, ఫలానా స్విచ్‌లోకి వెళ్తుంది, ఆ స్విచ్‌లో ఫలానా పోర్ట్ అడ్రస్‌లోంచి బయటికొస్తే ఫలానా కంట్రోల్ యూనిట్, దాని వెనక ఫలానా నంబర్ల డిస్కులు. ఆ రాసినదంతా ఐఓసీడీఎస్ అనే ఫైలుగా తయారై యంత్రంలోకి ఎక్కుతుంది. చానల్ నోరు తెరిచి పలికే అడ్రస్ అందులో ఉన్నదే. నీ ప్రిన్సిపల్ స్విచ్ రేపు కరెంటు పోయి వచ్చాక వేరే నంబరు పంచిందనుకో, మెయిన్‌ఫ్రేమ్ పాత చిరునామాకే ఉత్తరాలు రాస్తూ కూర్చుంటుంది.

బావమరిది: ఇది 2020ల మాటలా లేదు బావా. బార్సూర్ శాసనంలా ఉంది. రాయి మీద చెక్కేసి, మార్చినవాడు గోహత్యాపాతకాన పోతాడన్నట్టు.

బావ: నవ్వు. ఆ శాసనం ఇప్పటికీ చదవగలుగుతున్నారు కదా!

ఇక్కడ పాఠకులకు కాస్త చరిత్ర చెప్పాలి. ఐబీఎం 1964 ఏప్రిల్ 7న సిస్టమ్/360ని ప్రకటించినప్పుడు, దాని చానళ్ళకీ డిస్కులకీ మధ్య ఉన్నది లావుపాటి రాగి తీగల కేబుళ్ళు. 400 అడుగులు దాటితే పనిచేసేవి కావు. ఆ సమాంతర చానళ్ళ వేగం చివరి రోజుల్లో కూడా సెకనుకి 4.5 మెగాబైట్లే. 1990లో ఎస్కాన్ పేరుతో గాజు ఫైబర్ వచ్చింది, 17 మెగాబైట్ల దాకా. దాంతోపాటే ‘డైరెక్టర్’ అనే స్విచ్చూ వచ్చింది. 1998లో ఫైకాన్: మెయిన్‌ఫ్రేమ్ భాషని మామూలు ఫైబర్ చానల్ ప్రమాణం మీదికి ఎక్కించారు, 100 మెగాబైట్లు. అంటే తీగ, స్విచ్, సిగ్నల్ అన్నీ మా బావమరిదికి తెలిసినవే. వాటి మీద నడిచే క్రమశిక్షణ మాత్రం ఎస్కాన్ నాటిది. తగవంతా ఈ అతుకు దగ్గర పుట్టిందే.

బావమరిది: సరే, నంబరు స్థిరంగా పెడతాను. 20 పెడుతున్నాను. హెచ్‌సీడీ వాళ్ళకి కూడా స్విచ్ అడ్రస్ 20 అని చెప్పేస్తాను.

బావ: ఆగు. చెప్పు, స్విచ్ కన్సోల్‌లో నువ్వు కొట్టే 20 ఏ లెక్క?

బావమరిది: పదుల లెక్క.

బావ: హెచ్‌సీడీలో రాసేది?

బావమరిది: ...హెక్సా. అబ్బా!

బావ: నీ 20 అక్కడ 14 అవుతుంది. వాళ్ళు 20 అని రాస్తే, నీ దగ్గర 32 అనే డొమైన్ కోసం వెతుకుతారు. కేబుల్ బాగానే ఉంటుంది, పోర్ట్ మీద పచ్చ లైటు వెలుగుతుంది, దారి మాత్రం తెరుచుకోదు. రాత్రంతా ఫైబర్ చివర్లు తుడిచి తుడిచి చస్తారు. లింక్ అడ్రస్ నాలుగు అంకెలుగా రాస్తారు చూడు: 142ఏ అంటే డొమైన్ 14, పోర్ట్ అడ్రస్ 2ఏ. ఈ 2ఏ అన్నది కూడా స్లాటు నంబరూ పోర్టు నంబరూ కాదు, అడ్రస్. బ్లేడు మీద అచ్చేసిన అంకె చూసి రాశావో, మళ్ళీ అదే కథ. పాత మెక్‌డేటా డైరెక్టర్లయితే ఇంకో మెలిక ఉండేది, పెట్టిన నంబరుకి హెక్సాలో 60 కలిపి చూసుకోవాలి.

బావమరిది: అదే నేననేది. ఒక మనిషి పదుల్లో రాస్తాడు, ఇంకో మనిషి పదహార్లలో రాస్తాడు, మధ్యలో ఎక్సెల్ షీటు. తప్పు జరగడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉందా? యంత్రాన్నే అడిగితే తప్పు చెప్పదు కదా. ఐబీఎం వాళ్ళకీ ఆ సంగతి తెలుసు కాబట్టే 2010లో మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్/ఓఎస్ 1.12తో జెడ్‌డాక్ తెచ్చారు. ఫాబ్రిక్‌లోకి తొంగిచూసి, కొత్త కంట్రోల్ యూనిట్లు కనిపెట్టి, నిర్వచనాలు తనే ప్రతిపాదిస్తుంది. మీ తరంవాళ్ళు దాన్ని ఎందుకు వాడరు?

బావ: వాడతాం. కనిపెట్టిందంతా నమ్మి ఎక్కించెయ్యం, అంతే తేడా. అది ప్రతిపాదిస్తుంది, మనం ఒప్పుకుంటాం. అది రాసిపెట్టడానికి వ్యతిరేకం కాదురా, రాయడానికి సాయం.

మామగారు: అల్లుడుగారూ, మధ్యలో వస్తున్నానని అనుకోకండి. మీ డైరెక్టర్‌కి తెలియని బండి ఒకటి పక్క లైన్లోంచి వచ్చి దూరితే?

ఆయన ప్రశ్న సరిగ్గా అసలు చోట పడింది. మా తోడల్లుడి మొహం వెలిగిపోయింది.

బావ: అదీ ప్రశ్నంటే! మావయ్యగారూ, దానికోసమే రెండు తాళాలున్నాయి. ఒకటి, డొమైన్ నంబరుని ‘ఇన్‌సిస్టెంట్’ చెయ్యడం. అంటే ‘ఇస్తే ఈ నంబరే ఇయ్యి, లేకపోతే నేను ఫాబ్రిక్‌లోకే రాను’ అని స్విచ్ భీష్మించుకుంటుంది. రెండోది ఫాబ్రిక్ బైండింగ్. ఈ ఫాబ్రిక్‌లో ఏయే స్విచ్చులుండొచ్చో వాటి డబ్ల్యూడబ్ల్యూఎన్ గుర్తింపు నంబర్లతో జాబితా రాసి, ‘స్ట్రిక్ట్’ అని బిగిస్తాం. జాబితాలో లేని స్విచ్ కేబుల్ గుచ్చినా బయటే నిలబడుతుంది.

బావమరిది: మా వైపు కూడా ఆ పాలసీ ఉంది. ఎవరూ పెట్టుకోరు, అంతే.

బావ: ఇక్కడ ఇష్టాయిష్టాలు లేవు. నీ దగ్గర రెండు సైట్లున్నాయి, చానల్ ఒక డైరెక్టర్‌లోకి వెళ్ళి ఇంకో డైరెక్టర్‌లోంచి బయటికి రావాలి. అందుకే లింక్ అడ్రస్ రెండు బైట్లు. అలా రాసిన చానల్ లాగిన్ కాగానే స్విచ్‌ని ఒక ప్రశ్న వేస్తుంది: ‘నీ ఫాబ్రిక్‌లో ఈ రెండు తాళాలూ ఉన్నాయా?’ లేవంటే ‘ఇన్‌వాలిడ్ అటాచ్‌మెంట్’ అని ముఖం తిప్పుకుంటుంది. అంత పెద్ద యంత్రం, నీ స్విచ్‌ని ఇంటర్వ్యూ చేసి మరీ పనిలోకి తీసుకుంటుందిరా.

బావమరిది: అంటే నేను నాలుగు డైరెక్టర్లనీ డిసేబుల్ చేసి డొమైన్ పెట్టి, ఇన్‌సిస్టెంట్ చేసి, ఎస్‌సీసీ పాలసీలో ఆ జాబితా రాసి, స్ట్రిక్ట్ చేశాకే వాటి మధ్య లింకులు, అంటే ఐఎస్‌ఎల్‌లు, కలపాలి.

బావ: ఆ వరసలోనే. ఇప్పుడు దారిన పడ్డావు.

మామగారు: మా దగ్గర కూడా అంతే. రూటు సెట్ కాకపోతే, పాయింటు సరిగ్గా కూర్చోకపోతే, ఎదురు బండి రూటు అప్పటికే ఇచ్చి ఉంటే, సిగ్నల్ ఎర్రగానే ఉంటుంది. స్టేషన్ మాస్టారు ఎంత తొందరపడినా పచ్చ రాదు. అనుమానం వస్తే ఎరుపు. దాన్నే ఇంటర్‌లాకింగ్ అంటాం.

బావ: విన్నావా? మీ నాన్నగారు ఫైకాన్ చదవకుండానే చెప్పేశారు.

బావమరిది: నాన్న మీ పార్టీ అనుకోకండి. నాన్నా, నువ్వు ఉద్యోగంలో చేరినప్పుడు క్యాబిన్‌లో లివర్లుండేవి కదా. రెండు చేతులతో లాగేవాళ్ళు. ఇప్పుడేవి?

మామగారు: లివర్లు పోయాయి. తర్వాత ప్యానెళ్ళొచ్చాయి, రిలేలొచ్చాయి, ఇప్పుడు ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్. మౌస్ క్లిక్కే. (కాసేపాగి) ఇంటర్‌లాకింగ్ మాత్రం పోలేదురా.

బావమరిది: అదే! నేను పీకేద్దామంటున్నది లివర్లనే. ఈ ప్రొహిబిట్-అలౌ మాట్రిక్స్ చూడండి. ఎస్కాన్ కాలం నాటిది. ఏ పోర్టు ఏ పోర్టుతో మాట్లాడొచ్చో ఒక్కొక్క గడిలో టిక్కు పెట్టాలట. పక్కనే జోనింగ్ ఉంది, అదీ అదే పని చేస్తుంది. తలుపుకి రెండు తాళాలు, రెండు తాళంచెవులు ఇద్దరు మనుషుల దగ్గర. అర్ధరాత్రి దారి మూసుకుపోతే ఎవరి తాళమో తేల్చుకోవడానికే గంట పోతుంది.

బావ: ...ఇది ఒప్పుకుంటాను. ఇప్పుడు నేనూ జోనింగే పెడతాను. ఫైకాన్‌కి డొమైన్, పోర్టు నంబర్లతో జోన్. అదే డైరెక్టర్ మీద లైనక్స్ విభాగాలకి ఎఫ్‌సీపీ ప్రొటోకాల్ కూడా నడుస్తోందా?

బావమరిది: నడుస్తోంది. దాన్ని వేరే లాజికల్ స్విచ్‌లో పెట్టి, డబ్ల్యూడబ్ల్యూఎన్ జోన్లు రాశాను. ఒక్కో సర్వరుకి ఒక్కో జోను.

బావ: బాగుంది. అది నీ రాజ్యం, నేను వేలు పెట్టను.

ఇలా ఒకటీ అరా పాయింట్లు సర్దుకుంటున్నాయి కదా అనుకునేలోపు అసలు గొడవ మొదలైంది. అది రూటింగ్ దగ్గర. రెండు సైట్ల మధ్య నాలుగైదు లింకులుంటే ఏ డేటా ఏ లింకు మీద పోవాలి? ఓపెన్ సిస్టమ్స్ ఫాబ్రిక్‌లో ఎక్స్చేంజి ఎక్స్చేంజికీ దారి మారుతుంది. ఒక్కొక్క చదువూ రాతా వేర్వేరు లింకుల మీద పోవచ్చు. మెయిన్‌ఫ్రేమ్ ప్రపంచంలో చాలాకాలం పోర్టుని బట్టే దారి: ఈ చానల్ వచ్చిన పోర్టుకి ఈ లింకు, అంతే, కలకాలం.

బావమరిది: నా అభ్యంతరం ఇక్కడే బావా. పొద్దున్న లాగిన్ అయినప్పుడు పడ్డ లింకు మీదే సాయంత్రం వరకూ పోవాలంటే, రాత్రి బ్యాచి నడిచేటప్పుడు ఒక ఐఎస్‌ఎల్ నిండిపోయి పొగలు కక్కుతుంటుంది, పక్కది ఈగలు తోలుకుంటూ ఉంటుంది. డబ్బులు పోసి నాలుగు లింకులు కొని, రెండే వాడుకోవడం ఏ క్రమశిక్షణ?

బావ: దాంట్లో ఒక సుఖం ఉంది. ఏ చానల్ ఏ లింకు మీద పోతోందో నాకు ముందే తెలుసు. ఒక లింకు పాడైతే ఎవరు దెబ్బతింటారో లెక్కగట్టగలను. ఫ్రేములు వరస తప్పవు. మెయిన్‌ఫ్రేమ్‌లో ఒక్కో డిస్కుకి ఎనిమిది దారుల దాకా రాసుకోవచ్చు. నాలుగు ఈ ఫాబ్రిక్, నాలుగు ఆ ఫాబ్రిక్. బరువు పంచడం చానళ్ళ స్థాయిలోనే జరిగిపోతుంది.

బావమరిది: డిస్కు దాకా పంచుకుంటుంది, నిజం. కానీ ఎనిమిది దారుల్లో మూడు ఒకే ఐఎస్‌ఎల్ మీద పడితే? అది చానల్‌కి కనిపించదు. అందుకే కదా 2015లో జెడ్13 మెయిన్‌ఫ్రేమ్‌తో ఫైకాన్ డైనమిక్ రూటింగ్ తెచ్చారు! ఎక్స్చేంజి ఆధారంగా దారి. ఇది నా సొంత వితండవాదం కాదు, మీ ఐబీఎం వాళ్ళే రాసిన మాట.

బావ: తెచ్చారు. 2015 కంటే ముందు ఎందుకు తేలేదంటావు?

బావమరిది: చాదస్తం.

బావ: కాదు. ఫాబ్రిక్‌లో ఉన్న ప్రతి చానలూ, ప్రతి కంట్రోల్ యూనిటూ దానికి సిద్ధంగా ఉండాలి. ఒక్కటి లేకపోయినా పెట్టకూడదు. సిద్ధంగా లేనిది ఉండగా నువ్వు స్విచ్ మీద పెట్టేస్తే జెడ్/ఓఎస్‌లో ఐఓఎస్ డైనమిక్ రూటింగ్ అనే హెల్త్ చెక్కు హెచ్చరిక కొడుతుంది. నీ జాబితాలో అన్నీ సిద్ధమేనా?

బావమరిది: డిస్కులు సిద్ధం. టేపు లైబ్రరీ సంగతి కనుక్కోవాలి.

మామగారు: ఒరేయ్, నాకొకటి చెప్పండి. వర్షాకాలంలో అరకు ఘాట్‌లో కొండచరియ పడిందనుకో. అప్పుడు ఖనిజం బండిని ఏం చేస్తారు?

బావమరిది: కోరాపుట్ నుంచి రాయగడ మీదుగా తిప్పుతారు.

మామగారు: వ్యాగన్ల మీద గమ్యం మారుస్తారా?

బావమరిది: మార్చరు. విశాఖే.

మామగారు: తొంభైల్లో ఆ రాయగడ లైను వచ్చేదాకా మాకా వీలు లేదు. ఘాట్ మూతపడితే బండ్లు ఎక్కడివక్కడే. లైను వచ్చాక మాత్రం ఎవరూ ‘అయ్యో, రూలు తప్పుతోంది’ అనలేదు. అయితే ఒకటి. ఆ లైను మీద ప్రతి స్టేషన్‌లోనూ ఇంటర్‌లాకింగ్ పెట్టాకే బండి తిప్పారు.

ఇద్దరూ ఒక్క క్షణం ఊరుకున్నారు. నాకు మాత్రం తగవు అక్కడే తేలిపోయిందనిపించింది. చిరునామా కదలకూడదు, దారి కదలొచ్చు. ఇద్దరూ ఈ రెండింటినీ ఒకే మూటలో కట్టి గుంజుకుంటున్నారు. మా తోడల్లుడు దారిని కూడా చిరునామాలా చూస్తున్నాడు, మా బావమరిది చిరునామాని కూడా దారిలా చూస్తున్నాడు. పైకి అనలేదు. ఆ ఇంట్లో రెండో అల్లుడి మాటకి విలువ ఎంతో నాకు తెలుసు.

బావ: సరే మావయ్యగారూ, ఆ ఒక్కదానికీ మీ అబ్బాయిదే పైచెయ్యి అనుకుందాం. ఒరేయ్, దూరం సంగతి చూశావా? 40 కిలోమీటర్లకి బఫర్ క్రెడిట్లు, అంటే అవతలి జవాబు రాకముందే పంపగల ఫ్రేములు, ఎన్ని పెట్టావు?

బావమరిది: 16 గిగాబిట్ లింకు. వేగాన్ని దూరంతో గుణించి సగం చేస్తే 320.

బావ: అది 2 కిలోబైట్ల నిండు ఫ్రేములకి. ఫైకాన్ ఫ్రేములు సగటున అంత నిండుగా ఉండవు. చిన్న ఫ్రేములంటే అదే దూరంలో ఎక్కువ ఫ్రేములు ప్రయాణంలో ఉంటాయి, ఎక్కువ క్రెడిట్లు కావాలి. సగటు సగం ఉందనుకుని 640 పెట్టు. తర్వాత మెయిన్‌ఫ్రేమ్ పనితీరు కొలిచే ఆర్‌ఎంఎఫ్‌లో డైరెక్టర్ రిపోర్టు తీసి, ‘యావరేజ్ ఫ్రేమ్ పేసింగ్’ అనే గడి చూడు. సున్నా ఉంటే క్రెడిట్లు సరిపోయినట్టు. అంకె కనిపించిందంటే ఫ్రేములు గుమ్మం దగ్గర క్రెడిట్ కోసం నిలబడుతున్నాయన్నమాట.

బావమరిది: ఆ రిపోర్టు రావాలంటే స్విచ్ మెయిన్‌ఫ్రేమ్‌తో మాట్లాడాలి కదా?

బావ: దానికే కప్. స్విచ్ లోపల ఎఫ్ఈ అనే అడ్రస్‌లో ఉండే కంట్రోల్ యూనిట్ పోర్టు. హెచ్‌సీడీలో దాన్ని 2032 అనే రకంగా రాయాలి. లైసెన్సు ఉందో లేదో ముందే చూసుకో, ఎఫ్‌ఎంఎస్ మోడ్ ఆన్ చెయ్యి. అప్పుడు డైరెక్టర్ కూడా ఒక డిస్కులాగే జెడ్/ఓఎస్‌కి కనబడుతుంది. ఇంకోటి, ‘యాక్టివ్ ఈక్వల్స్ సేవ్డ్’ అనే సెట్టింగు ఉందే, దాన్ని ఆన్‌లో పెట్టు. అది ఆఫ్‌లో ఉండి, నువ్వు పగలంతా పోర్టుల పేర్లూ మూతలూ మార్చావనుకో, కరెంటు పోయి వచ్చిందంటే స్విచ్ లేచేటప్పుడు చదివే పాత ఐపీఎల్ ఫైలు పైకొస్తుంది. నీ పని మొత్తం గంగపాలు.

మామగారు: అవునుగానీ, రెండు సైట్లంటున్నారు కదా, డేటా కాపీ ఒకటి విశాఖలో, ఒకటి మన గీదంలో పెట్టుకోవచ్చా? ఇక్కడ చోటుంది, కరెంటుంది.

బావ: కాపీ పెట్టుకోవచ్చు, కానీ ప్రతి రాతనీ రెండుచోట్లా పూర్తయ్యేదాకా ఆపి ఉంచే రకం కుదరదు మావయ్యగారూ. ఫైబర్‌లో వెలుగు కిలోమీటరుకి 5 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. పట్టాల వెంట విశాఖ 400 కిలోమీటర్లకు పైనే. పోయి రావడానికే 4 మిల్లీసెకన్లు. ఒక్కొక్క రాతకి అంత ఆలస్యం పడితే బ్యాంకు బ్యాచి తెల్లారినా పూర్తికాదు. ఐబీఎం మెట్రో మిర్రర్‌కి అసలు 300 కిలోమీటర్లే హద్దు. అంతకు మించిన దూరానికి గ్లోబల్ మిర్రర్ లాంటి అసింక్రనస్ పద్ధతే. చివరి కొన్ని సెకన్ల రాతలు పోయినా పరవాలేదనుకోవాలి.

మామగారు: బ్యాంకులో నా పెన్షన్ పడే ఆ కొన్ని సెకన్లు మాత్రం పోకుండా చూడండి.

అందరం నవ్వాం. తర్వాత మాట మనుషుల మీదికి మళ్ళింది. అదే నాకు ఎక్కువ గుర్తుండిపోయింది.

బావమరిది: బావా, మీ పద్ధతి మీద నాకున్న అసలు అనుమానం వేరే. రాసిపెట్టడం బాగానే ఉంది. రాసేవాళ్ళేరి? అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఒకప్పుడు మెయిన్‌ఫ్రేమ్ బోర్డులే ఉండేవట. ఇప్పుడు వెతికినా దొరకవు. మా టీములో హెచ్‌సీడీ తెరిచినవాళ్ళు ఒక్కరూ లేరు. మీ తరం రిటైరైతే ఆ శాసనాన్ని చదివేవాడే ఉండడు. యంత్రం తనంతట తను కనుక్కోవాలని నేనడిగేది బద్ధకంతో కాదు.

బావ: దీనికి నా దగ్గర ఎదురు వాదన లేదు. నిజమే. అలాగని యంత్రం ముగిసిపోలేదు కదా. చూడు, స్విచ్చులు చేసే బ్రొకేడ్‌ని 2017లో, సీఏని 2018లో ఒకే బ్రాడ్‌కామ్ కొన్నది. సీఏకి మెయిన్‌ఫ్రేమ్ సాఫ్ట్‌వేర్ పని హైదరాబాద్‌లోనే పెద్దగా నడిచేది. అంటే స్విచ్చూ, దాని అవతలి సాఫ్ట్‌వేరూ ఒకే ఇంటి కిందికొచ్చాయి. చచ్చిపోయే వ్యాపారం మీద ఎవరూ అంత డబ్బు పెట్టరు. మనుషుల్ని తయారుచేసుకోలేదు, అది మన తప్పు.

మామగారు: జావంగాలో ఎడ్యుకేషన్ సిటీ ఉంది కదా, ఇక్కడికి కూతవేటు దూరం. బీపీఓ కూడా పెట్టారు. గోండీ, హల్బీ మాట్లాడే పిల్లలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని పని చేశారు. ‘అంకుల్, ఇంకేం నేర్చుకోవాలి’ అని నన్నడుగుతుంటారు. సిగ్నలోణ్ణి నేనేం చెబుతాను? మీరు వచ్చినప్పుడు రెండు రోజులు కూర్చుని చెప్పకూడదా?

బావ: హెక్సా లెక్కలతో మొదలుపెట్టాలి.

బావమరిది: ముందు పదుల లెక్కకీ దానికీ తేడా మా హెచ్‌సీడీ వాళ్ళకి చెప్పి వస్తాను, తర్వాత జావంగా.

ఆ సాయంత్రం వాళ్ళిద్దరూ కలిసి ప్లాన్ తిరగరాశారు. నేను పక్కన కూర్చుని చూశాను. డొమైన్ ఐడీల గడిలో పదుల అంకె ఒక రంగులో, హెక్సా అంకె ఇంకో రంగులో పడ్డాయి. నాలుగు డైరెక్టర్లకీ ఇన్‌సిస్టెంట్, ఎస్‌సీసీ స్ట్రిక్ట్ వచ్చాయి. ప్రొహిబిట్-అలౌ మాట్రిక్స్‌ని మొత్తంగా తీసేశారు. మొదటి మెట్టు స్విచ్ సెట్టింగుల కాపీ తీసే ‘కాన్ఫిగ్ అప్‌లోడ్’, చివరి మెట్టు కూడా అదే. కేబుళ్ళు గుచ్చాక ప్రతి పోర్టు దగ్గరా ‘ఫైకాన్ షో ఆర్‌ఎన్‌ఐడీ’ కొట్టి, అవతల నిజంగా ఎవరున్నారో యంత్రం చేత చెప్పించి, షీటుతో పోల్చాలని మా బావమరిది పట్టుబట్టాడు. మా తోడల్లుడు కాదనలేదు. జెడ్‌డాక్ కూడా ఉంటుంది, కానీ ప్రతిపాదించే వరకే.

నన్నడిగితే చిరునామాల విషయంలో మా తోడల్లుడిదే న్యాయం, దారుల విషయంలో మా బావమరిదిదే. అయినా డైనమిక్ రూటింగ్ మాత్రం ఆ శనివారం పెట్టలేదు. రెండో సైటులో ఉన్న పాత టేపు లైబ్రరీ దాన్ని ఒప్పుకోదని సోమవారం జవాబొచ్చింది. ఆ పెట్టె మారేదాకా నాలుగు డైరెక్టర్లూ పోర్టుని బట్టే దారి చూపిస్తాయి.